లాకులో పోయిన అసాహెల్ సంగతి

ఈరీ కాలువ గట్టు, సిరక్యూస్ దగ్గర,
1836 అక్టోబరు 29.

పూజ్యురాలైన హెప్సిబా టిల్డెన్ అమ్మగారికి,

లాకు కాపరి ఎబెన్ హార్మన్ భార్య లోయిస్ నమస్కరించి రాసుకునేది. మీ వెర్మాంట్ కొండల్లో ఈపాటికి మంచు మొదలై ఉంటుంది. ఈ చలిలో మీ ఆరోగ్యం నిలకడగా ఉండాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

నేనెవరో మీరు ఎరగరు. మీ అబ్బాయి అసాహెల్ ఈ నెల ఇరవై రెండున, పడవల్ని పై నీటి నుంచి కింది నీటికి దించే మా లాకులో ప్రాణం పోగొట్టుకున్నాడు. పడవ యజమాని మీకు రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటాడని తెలుసు. కళ్లారా చూసినదాన్ని గనుక నేను రాస్తున్నాను.

వసంతంలో కాలువకు నీళ్లు వదిలినప్పటి నుంచీ అతను వచ్చినప్పుడల్లా మా గుమ్మంలో కూర్చుని మొక్కజొన్న రొట్టె తిని వెళ్లేవాడు. ఎప్పుడూ మీ మాటే. తండ్రి ఆరు గుర్రాల బండి తోలిన రోజులు, పడమటి పిండి పడవల మీద దిగేసరికి మీ కొండ గోధుమలను అడిగే నాథుడు లేకపోవడం, మిల్లు గుడ్డ వచ్చి మీ మగ్గం మూలపడటం, అన్నీ చెప్పేవాడు. "ఈ కాలువ మా నాన్న బండిని మింగేసిందక్కా, ఇప్పుడు నాకింత తిండి పెడుతోంది" అని నవ్వేవాడు.

చుక్కాని పట్టే పనిలో ఉన్నానని మీకు రాశాడట. అది నిజం కాదమ్మా. బండి మీద ఇరవై రోజులు పట్టే సరుకు ఇప్పుడు పడవ మీద ఎనిమిది రోజుల్లో చేరుతోంది. ఆ ఎనిమిదిని ఏడు చేయాలని ప్రతి యజమానికీ ఆత్రమే. యుటికా నుంచి రైలు కూడా పడింది గనుక ఆ భయం ఒకటి. అందుకే ఒక్కో పడవకు ఒక్కో కొట్లాటగాడు. లాకు దగ్గర రెండు పడవలు కలిస్తే ముందు ఎవరిదో వాళ్ల పిడికిళ్లే తేలుస్తాయి. మీ అబ్బాయిది ఆ కొలువు.

ఆ మధ్యాహ్నం అతని పిండి పడవ, ఇంకొక గోధుమల పడవ ఒకదాన్నొకటి రాసుకుంటూ వచ్చాయి. లాకుకు ముందుండే గుర్తుకంబాన్ని గోధుమల పడవే ముందు దాటింది గనుక దాన్నే దింపుతానన్నాడు మా ఆయన. పిండి పడవ యజమాని కప్పు మీద నిలబడి, "ఒరేయ్ టిల్డెన్! నిన్ను మేపుతున్నది వేడుక చూడ్డానికా? పోయి లాకు పట్టరా!" అని కేకపెట్టాడు.

అసాహెల్ గట్టు మీదికి దూకాడు. పడవ తోసే వాసంతో ఒక్క దెబ్బకు అవతలి చుక్కానివాడి దవడ విరగ్గొట్టాడు. పళ్లు రాళ్ల మీద రాలాయి. వాళ్ల కొట్లాటగాడు ఇనుప కొక్కెం విసిరితే మీ అబ్బాయి చెవి సగం చీలింది. అయినా ఆగలేదు. వాడి తల పట్టుకుని గోడకేసి మోదాడు. రెండు పడవల వాళ్లూ కలబడ్డారు. పడవలు లాగే కంచరగాడిదలు బెదిరి తాళ్లు తెంచుకుని పరుగెత్తాయి.

మా ఆయన లాకు తలుపు దూలం మీద అడ్డంగా నిలబడి, "అసాహెల్, నా మాట విను. న్యాయం వాళ్లది" అన్నాడు. "తప్పుకోవయ్యా ఎబెన్! వీళ్లు ముందెళితే నా కొలువు పోతుంది" అంటూ మీ అబ్బాయి ఆయన గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ నీళ్లు దింపిన లాకులో పడ్డారు. అడుగున ఛాతీలోతు నీళ్లు. మీ అబ్బాయి మా ఆయన తలను అందులో ముంచి, రెండు చేతులతో అదిమిపెట్టాడు.

అంతలో పై తలుపు తూము తెరుచుకుంది. నీళ్లు విరుచుకుపడి ఇద్దర్నీ విడదీశాయి. మా ఆయనకు గోడ గొలుసు చేతికందింది, పైకి లాగాం. మీ అబ్బాయిని వరద కింది తలుపుకేసి కొట్టింది. బయటికి తీసేసరికి ఊపిరి లేదు. పెనుగులాటలో తూము గొళ్లెం జారిందని అధికారి రాసుకు వెళ్లాడు.

చీలిన చెవిని నేనే కుట్టాను. ఒంటి మీది రక్తం కడిగి ఉతికిన చొక్కా తొడిగాను. పాదిరిగారు ప్రార్థన చేశాక మిట్ట మీద పూడ్చాం. మా ఆయన ఇంకా గంజి తప్ప మింగలేడు, మెడ మీద వేళ్ల గుర్తులు నల్లగా ఉన్నాయి. అయినా సమాధి దగ్గర టోపీ తీసి, "వాడికి నా మీద పగేముంది, పొట్ట కోసం కదా" అని ఏడ్చాడు.

మీ దుఃఖంలో తోడుండే,
లోయిస్ హార్మన్.

తా.క.: ఉత్తరం మడిచి, మళ్లీ విప్పాను. గొళ్లెం జారలేదమ్మా. తూము ఎత్తింది నేను. మా ఆయన తల నీళ్లలోంచి రావడం లేదని ఎత్తాను. అంతవరకు ఎవరి ముందైనా చెప్పుకోగలను. కానీ ఆయన్ని పైకి లాగాక మీ అబ్బాయి ఒకసారి తేలాడు. నా వైపు చూసి, "దించక్కా, తూము దించు!" అని అరిచాడు. తూము కడ్డీ నా పక్కనే ఉంది. నేను దించలేదు. భయంతో కాదు, కోపంతో. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎబెన్‌కు కూడా తెలియదు. సమాధి చూడటానికి రండి. షెరీఫును వెంటబెట్టుకు వచ్చినా సరే, నేను ఇక్కడే ఉంటాను.