కొత్త తొట్టిలో మామయ్య చేపలు

నిల్దేర్‌కి, ఇకీతోస్ నుంచి వదిన రాస్తున్నది.

మామయ్య పోయాక అత్తయ్య మా ఇంటికి వస్తూ ఆయన పెంచిన చేపల్ని కూడా తెచ్చుకున్నారు కదా, వాటిని కొత్త అద్దాల తొట్టిలో వేశాం. నీళ్లు చూడ్డానికి తేటగానే ఉన్నాయి, కానీ చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పరీక్ష చేస్తే అమ్మోనియా బాగా ఎక్కువుంది. రోజూ కొన్ని నీళ్లు మారుస్తున్నా మళ్లీ పెరుగుతోంది. మేత వేసేకొద్దీ అది ఇంకా పెరుగుతుందని, కొన్నాళ్లు ఆపమని చేపల దుకాణం అతను చెబితే ఆపేశాను.

అప్పట్నుంచీ అత్తయ్య కూడా ఏమీ తినడం లేదు. ఇష్టమని అరటికాయ కాల్చి పెట్టినా పళ్లెం పక్కకి నెట్టేశారు. "ఆయన చేపల్ని పస్తుంచి నాకు పెడతావా అమ్మాయ్? వాటితోపాటే నేనూ" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు ఆ నవ్వు చూస్తేనే భయమేసింది.

నీ పాత తొట్టి ఫిల్టర్‌లో స్పాంజి తీసి, ఆ తొట్టి నీళ్లలోనే ముంచి పట్టుకురా. అమ్మోనియాని విరిచే సూక్ష్మజీవులు దాన్నే పట్టుకుని ఉంటాయట, కుళాయి కింద కడిగితే చచ్చిపోతాయట. ఎవరిచేతో పంపకు, నువ్వే రా. మీ అమ్మ నీ మాటైనా వింటారేమో.

పొద్దున ఒక చేప చచ్చి తేలింది. ఆవిడ లేచేలోపు తీసేశాను. ఇప్పుడు ఆవిడ తొట్టి ముందు కుర్చీ వేసుకుని, అద్దం మీద వేలు పెట్టి చేపల్ని లెక్కపెడుతున్నారు.