ముజమ్మిల్ అన్న కమాండ్ల ఫైలు

ఓమ్‌దుర్మాన్,
రజబ్ పంతొమ్మిది

ముజమ్మిల్ అన్నకు,

అల్లా శాంతీ కరుణా మీ ఇంటి మీద ఉండాలని కోరుకుంటూ ఇష్రాఖ రాస్తున్నది. పోర్ట్ సూడాన్‌లో మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను బతికే ఉన్నాను, అంతకు మించి చెప్పుకోడానికేం లేదు.

ఇక కీబోర్డు ముట్టనని ఒట్టు పెట్టుకున్నారట. అది విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ తుపాకీ మూక పొద్దున టీ వేళకి మన ఆసుపత్రికి వచ్చింది. తమతో పోరాడి గాయపడి ఇక్కడ చేరినవాళ్ల పేర్లు కావాలన్నారు. కాపలా బాబిక్ర్ మామ, ఆసుపత్రిలోకి తుపాకులు రాకూడదన్నాడు. తుపాకీ మడమతో దవడ పగలగొట్టారు. పడ్డాక కూడా తన్నారు. పళ్లు మెట్ల మీద రాలాయి.

నేను కంప్యూటర్ గది గడియ పెట్టి మీ ఫైలు తెరిచాను. ఇక్కడ పనిచేస్తూ ఎన్నేళ్లు కూడబెట్టారన్నా! పనికొచ్చిన ప్రతి కమాండూ, దాని పైన అదేం చేస్తుందో ఒక వరుస, మార్చాల్సిన చోట ఖాళీ. "గుర్తుంటుందిలే అనుకున్నదే కొంప ముంచుతుంది పిల్లా" అని నన్ను ఎన్నిసార్లు తిట్టారో.

నెలనెలా రాసే రోగుల జాబితా తుడిచేసే కమాండు అందులో ఉంది. కాపీ తీసి అంటించి ఎంటర్ నొక్కాను. కిక్కురుమనకుండా అయిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

అంతలో తలుపు బద్దలైంది. వాళ్ల నాయకుడు నా జుట్టు పట్టి తల బల్లకేసి కొట్టి జాబితా చూపించమన్నాడు. ఈ నెల జాబితా చెక్కుచెదరకుండా ఉంది. పేర్లు చదువుతూ పదకొండు మందిని సెలైన్ సూదులతో సహా ఈడ్చుకెళ్లారు. వంటగది గోడ దగ్గర కాల్చారు. నాలుగోవాడు మీ తమ్ముడు హాతిమ్. విరిగిన కాలితో నిలబడలేకపోతే కూర్చోబెట్టి కాల్చారు.

తర్వాత ఆసుపత్రి విచారణలో ఆ కమాండు ఎవరిదన్నారు. ఫైలు మీద మీ పేరుంది. ఈయనదేనా అంటే నేను తలూపాను. తమ్ముణ్ణి మీరే చేజేతులా చంపుకున్నారని ఇప్పుడు అందరూ అంటున్నారు. మీ తప్పేం లేదు, నమ్మండి.

ఇట్లు,
ఇష్రాఖ

తా.క. ఉత్తరం మడిచాక మళ్లీ విప్పాను. మీరు ఆ కమాండులో నెల పేరు ఖాళీగానే వదిలారు. నింపందే అది కదలదు. కిందటి నెల వాళ్లు వస్తున్నారని పుకారు పుడితే నేను ఒకసారి వాడాను. మళ్లీ హడావిడిలో నింపే పని ఉండకూడదని, ఆ నెల పేరుతో సహా మీ ఫైలులోనే దాచేశాను. ఆ రోజు అది వెతికింది నేను కిందటి నెలే తుడిచేసిన జాబితాని. హాతిమ్‌ని ఆ గోడ దగ్గరికి పంపింది నేనన్నా. ఇది అమ్మకు మీరే చదివి వినిపించండి.