గుమ్మం పైన వదిలిన జాగా

ఆదివారం, జూన్ 8

బావమరిదికి,

బావ ఆశీస్సులు. నువ్వూ, మా చెల్లెలూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, మీ అక్క మరీ బాగుంది. దానికి కారణం నువ్వే కాబట్టి కుశల ప్రశ్నలు ఇంతటితో ఆపి అసలు సంగతికి వస్తాను.

నువ్వు పంపిన అచ్చురాళ్లు బిగించడం అయిపోయింది. కిటికీల చుట్టూ పట్టీలు, పిట్టగోడ అంచు, వరండా స్తంభాల తలలు, అన్నీ మేస్త్రీ చకచకా తగిలించేశాడు. రాతిపొడీ సిమెంటూ కలిపి అచ్చులో పోసి ఊడదీసిన దాన్ని రాయి అనడానికి నాకు నోరు రావడం లేదు. మీ అక్కకి మాత్రం ఆ ఇబ్బంది లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో మా అద్దె వాటా మెట్ల మీద కూర్చుని ఎదురుగా కడుతున్న మా కొత్త ఇంటినే చూసుకుంటోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను చెక్కినదాన్ని ఆవిడ అంతసేపు చూడగా నేను ఎరగను.

నాకు కడుపుమంటగా ఉంది. దాచుకోవడం నాకు చేతకాదని నీకు తెలుసు. అందరి ఇళ్లకీ చెక్కిపెట్టి సొంత గోడల్ని మాత్రం రేపు మాపు అంటూ బోసిగా ఉంచానని మీ అక్క ఫిర్యాదు. విసిగిపోయి నీకు ఫోన్ చేసింది. నువ్వు తగుదునమ్మా అని నెల తిరక్కుండా లారీ పంపావు.

నిన్న పక్క కొట్టు టైలరు వచ్చి స్తంభం తలని నిమిరి, మీ చెయ్యే చెయ్యండీ అన్నాడు. నేను నోరు తెరిచేలోగా మీ అక్క, అది మా తమ్ముడు చేశాడని అరిచి మరీ చెప్పింది. ఆయన మొహంలో మెప్పు కాస్తయినా తగ్గుతుందేమోనని ఆశగా చూశాను. పెరిగింది. తనింటికీ చేయించుకుంటానని నీ నంబరు అడిగాడు. ఒక అంకె తప్పు చెబుదామనిపించింది గానీ, మీ అక్క పక్కనే ఉంది.

ఆయన వెళ్లాక నిచ్చెన వేసుకుని ముక్కముక్కా వెతికాను. ఒక కిటికీ కింద మూలలో కందిగింజంత గాలిబుడగ గుంట దొరికింది. మీ అక్కని పిలిచి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుంటే గానీ కనబడలేదు. చూసి, భోజనం చల్లారిపోతోంది దిగండి అంది.

ఇక గుమ్మం సంగతి. అన్నీ పంపి గుమ్మం నెత్తిన పెట్టే రాయి మాత్రం నువ్వు పంపలేదు. అది బావే చెక్కాలి, ఆ జాగా వదిలేశాను అన్నావట. ఆవిడ మురిసిపోయింది, నాకు ఒళ్లు మండింది. వచ్చే నెల ఇంట్లోకి దిగేలోగా నేను చెక్కకపోతే అదీ నీకే అప్పగిస్తానని తేల్చేసింది. నా గుమ్మం మీద కూడా నీ సరుకే కూర్చుంటే ఇక నేను దొడ్డిదారినే వచ్చిపోవాలి. కాబట్టి ఆ జాగా జోలికి రాకు.

చెల్లెల్ని అడిగానని చెప్పు. పిల్లలకి ముద్దులు.

ఉడుకుమోత్తనం తగ్గని
నీ బావ

తా.క.: పై ఉత్తరం మీ అక్క చదివి నవ్వింది. ఇది పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను.

అదిరే మిషను ఉలి ఏళ్ల తరబడి పట్టీ పట్టీ నా కుడిచేతి వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారిపోయాయి. ఉలి చేతిలో ఉందో జారిందో తెలియడం లేదు. డాక్టరు ఇక పట్టుకోవద్దన్నాడు. మా రాతిపని షెడ్డులో నేను గీసిస్తే పనివాళ్లు చెక్కుతున్నారు. వాళ్లచేత చెక్కించి నా ఇంటికి నాదని పెట్టుకోవడానికి మనసొప్పలేదు. గోడలు బోసిగా ఉన్నది అందుకే. బద్ధకం అనుకుంటే మీ అక్క తిడుతుంది, ఇది తెలిస్తే ఏడుస్తుంది. నాకు తిట్లే నయం.

మట్టి మాత్రం ఇంకా నా మాట వింటోంది. గుమ్మం రాయిని మట్టితో చేసి తడిగుడ్డ కప్పి ఉంచాను. అలవాటు కొద్దీ దాని మీది ఆకుల అంచులు లోపలికి మెలితిప్పాను. అలా ఉంటే అచ్చు ఇరుక్కుని ఊడిరాదని తర్వాత గుర్తొచ్చింది. కూర్చుని ఒక్కో అంచునీ చదును చేశాను. ఏ ఇంటాయన అడిగినా నేను మెలిక తగ్గించని ఆకులవి. నీ చేతులు తలుచుకుంటే నాకు ఎంత కుళ్లుగా ఉందో రాయలేను.

గురువారం మీ అక్క ఇంట్లో ఉండదు. మట్టి ఎండి పగలకముందే వచ్చి అచ్చు తీసుకో. పోసేటప్పుడు నేను పక్కన నిలబడతాను, వద్దనకు.