మిష్రిఫ్‌లో కతానియా మహలు

చిట్టి నాన్నకు అంకాలమ్మ నమస్కారాలు. నేను ప్రాణాలతో ఉన్నాను. బాగున్నానని రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి రాయను. మీరు, చిట్టి, అత్త చల్లగా ఉండాలని రోజూ దండం పెట్టుకుంటున్నాను. ఇరాకీలు వచ్చి పడ్డాక ఇక్కడ పోస్టు లేదు, మన దేశానికి ఫోను లేదు. పక్క విల్లా డ్రైవరు మహమ్మద్ గౌస్ రేపటి బస్సులో బస్రా మీదుగా మన దేశానికి బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను.

ఇంతకుముందు బస్సులో వెళ్లిన, ఇక్కడ నాలాగే ఇంటిపని చేసే అమీర్‌బీ ఈపాటికి రాయచోటి చేరి, మీ ఆడమనిషికి మతి పోయింది, ఎక్కిన బస్సు దిగేసింది అని కబురు చెప్పే ఉంటుంది. నిజమే, దిగాను. ఎందుకో చెబుతాను. ముందు మీరు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబు.

మహలు ఫోటో పంపమన్నారు, పల్లెలో నలుగురికీ చూపించాలని. దాన్ని తలుచుకుంటేనే నాకు రోత, ఫోటో మాట ఎత్తకండి. ఇటలీ దేశంలో దక్షిణాన కతానియా అనే ఊళ్లో పాతకాలపు జమీందార్ల మహలు ఒకటుందట. మేము మామా అని పిలిచే మా యజమానురాలు పెళ్లయిన కొత్తలో దాన్ని చూసి మనసు పడి, అచ్చం అలాంటిదే ఇక్కడ మా పేట మిష్రిఫ్‌లో కట్టించుకుంది. అటూ ఇటూ వంపు తిరిగిన జంట మెట్లు, బాల్కనీల కింద నోరు తెరిచి నాలుక చాపిన రాక్షసుల మొహాలు, హాలు కప్పు నిండా రెక్కల పిల్లల బొమ్మలు. ఇసుకగాలి వచ్చిన ప్రతిసారీ ఆ మొహాల ముక్కుల్లో, చెవుల్లో, నాలుకల కింద పళ్లు తోముకునే బ్రష్షు పెట్టి ఇసుక తీసేది నేను. మామా కింద నిలబడి, "ఆ జమీందార్లు భూకంపానికి కూడా ఇల్లు వదల్లేదు. ఘనమైన వంశమంటే అదీ" అని చెబుతూ ఉండేది.

ఆమె ఘనత కూడా చూశాను. ట్యాంకులు వచ్చాయని తెలియగానే సౌదీకి ప్రయాణం కట్టారు. కతానియాలో కొన్న ఆ మహలు పటం ఒకటుంది, మంచమంత. దాన్ని కంబళ్లలో చుట్టి కారు వెనక పడుకోబెట్టారు. మామా అత్తగారిని మేము మామా కబీరా అంటాం. నడుము పడిపోయిన మనిషి, పడుకుంటే తప్ప ప్రయాణం చేయలేదు. పటానికి చోటు దొరికింది, తల్లికి దొరకలేదు. ఆమె కన్న కొడుకు, నాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్, నేల చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్లూ అడిగినా ఇవ్వని పాస్‌పోర్టు మామా నా చేతిలో పెట్టి, "ఇదిగో నీది. పెద్దావిడ జాగ్రత్త" అని, "యల్లా, పదండి" అంటూ కారెక్కింది. ఛీ అనుకున్నాను. ఆ ఛీ ఇంకా నా నోట్లోనే ఉంది.

తర్వాత సైనికులు వచ్చారు. అద్దాలు, తివాచీలు, ఫ్రిజ్జులు లారీకెక్కించుకుని, పోతూ పోతూ రెక్కల పిల్లల కింద పాలరాతి మీద దొడ్డికి కూర్చుని పోయారు. అదంతా నేనే ఎత్తిపోశాను. అయినా వాళ్లు దొంగలు, దొంగల్లాగే వచ్చారు. నా రోత మామా మీదే. కరెంటు పోయి లిఫ్టు ఆగిపోతే ముసలామెను వీపున వేసుకుని ఆ వంకర మెట్లన్నీ దించి, వంటింటి పక్కన నా గదిలో పడుకోబెట్టాను. ఒళ్లు తుడిచేది, గుడ్డలు మార్చేది నేనే. తింటున్నావా అని అడిగారు కదా, బియ్యం, ఖర్జూరాలు ఉన్నాయి. రొట్టె కావాలంటే పేట కొట్టు దగ్గర వరుసలో నిలబడాలి.

అమీర్‌బీ బస్సు సంగతి తెచ్చింది. "ఏందక్కా, కన్నకొడుక్కే లేని నొప్పి నీకెందుకు? ఆడ నీ బిడ్డ ఎదురుచూస్తాంటే ఈడ గుడ్డలుతుక్కుంటా కూచుంటావా? ముసిలామెను ఎవురికన్నా అప్పజెప్పి రా, పోదాం" అంది. చిట్టి కళ్లలో మెదిలింది. సరేనన్నాను.

అమీర్‌బీకి తెలియనిది ఒకటుంది. మీకు తప్ప ఎవరికీ చెప్పను. అప్పజెప్పేశానని ఆమెతో అబద్ధమాడాను. అప్పజెప్పడానికి ఎవరున్నారు, చుట్టుపక్కల విల్లాల యజమానులంతా పారిపోయారు, మిగిలిన పనివాళ్లూ పోయే తొందరలోనే ఉన్నారు. మంచం పక్కన చెంబు నీళ్లు, గిన్నెడు ఖర్జూరాలు పెట్టి, "రొట్టెకు పోయొస్తా మామా కబీరా" అని చెప్పి, బయట గొళ్లెం పెట్టి వచ్చేశాను.

బస్సులో కూర్చుని మామాను తిట్టడం మొదలుపెట్టాను. తల్లిని వదిలేసిన పాపిష్ఠిది, పురుగులు పడి పోతుంది అని. అమీర్‌బీ ఊ కొడుతోంది. తిడుతూ తిడుతూ ఉండగా నేను చేసి వచ్చింది గుర్తొచ్చింది. మామా పోయేటప్పుడు ముసలామె దగ్గర నేనైనా ఉన్నాను. నేను పోతే ఎవరూ లేరు. పైగా గొళ్లెం పెట్టాను. నా ఒళ్లు చూసుకుంటే నాకే అసహ్యం వేసింది. బస్సు కదులుతుంటే దిగేశాను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను. చిట్టికి మాత్రం అమ్మ ఎందుకు రాలేదో మీ నోటితో మెల్లగా చెప్పండి.

నేను గొళ్లెం తీసేసరికి ముసలామె మేలుకునే ఉంది. చెంబు ఒలికి పరుపు తడిసిపోయింది. ఆమె మొహంలో కోపం లేదు, అనుమానం లేదు.

"రొట్టె దొరికిందా బిడ్డా?" అంది.

"జనం ఎక్కువున్నారు. దొరకలేదు" అన్నాను.

"పోనీలే. రేపు ఇంకాస్త ముందు పో" అంది.

ఇట్లు,
మీ ఇల్లాలు, చిట్టి తల్లి
అంకాలమ్మ