పదకొండు ఆవుల ఎరువు కుప్పకు గడువు కోరుతూ

ప్రాంతీయ పశువైద్యాధికారి గారి సముఖమునకు,
ఐన్ జర్నాజ్ గ్రామం, ఉత్తర ట్యునీషియా నుండి
లజ్హర్ అయ్యారి, వయస్సు అరవై ఒకటి, వృత్తి పాడి (ప్రస్తుతం లేదు), వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా దొడ్డిలోని పేడ ఎరువు కుప్పను పదిహేను రోజుల్లోగా సున్నం వేసి పూడ్చిపెట్టవలెనన్న తమ నోటీసు – నలభై రోజుల గడువు కోరుట గురించి.

1. గత డిసెంబరులో తమ శాఖవారు మా ఆవుల మెడలకు సూది వేసి, మూడో రోజు వచ్చి వాపు కొలిచి, పదకొండింటిలో నాలుగింటికి క్షయ ఉన్నదని తేల్చారు. పదకొండింటినీ రెండు లారీల్లో కబేళాకు తీసుకుపోయారు. రసీదు ఇచ్చారు. ఆ విషయమై నాకు ఫిర్యాదు ఏమీ లేదు.

2. లారీలు వెళ్లిన మర్నాడు పేడ ఎత్తి దొడ్డి శుభ్రం చేశాను. ఆ పేడను గోధుమ గడ్డితో కలిపి పొరలు పొరలుగా వేసి, తడిపి, వారానికొకసారి తిరగేశాను. అది కుళ్లి ఉడికి ఎరువవుతుంది. ఆ వేడికి రోగపు పురుగు బతకదని తమ శాఖ పుస్తకంలోనే ఉన్నది. మా బీడుకి మా నాన్న కాలం నుంచీ ఇదే ఎరువు. బస్తాల ఎరువు మేము ఎన్నడూ వేయలేదు. బీడులో మేసినది బీడుకే తిరిగి పోవాలన్నది ఆయన పద్ధతి, నేనూ దాన్ని తప్పలేదు.

3. కుప్ప ఉంచుకోవడానికి అనుమతి కోరుతూ మార్చిలో తమ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చాను. అందులో 'పశువుల సంఖ్య' అన్నచోట సున్న వేశాను. గుమాస్తా గారు కళ్లద్దాలు పైకి తోసుకుని, "సున్న ఆవులకి పేడ ఎక్కణ్ణుంచి వచ్చింది బాబాయ్?" అన్నారు.

"ఉన్నప్పుడు వేసినదే నాయనా."

"ఇప్పుడు లేవుగా? లేని ఆవులకి పేడ ఉన్నట్టు నేను రాస్తే నా ఉద్యోగం ఊడుద్ది."

దరఖాస్తు వెనక్కి ఇచ్చేశారు. కాగితం ప్రకారం కుప్ప లేదు. లేని కుప్పను పూడ్చమని ఇప్పుడు నోటీసు వచ్చింది. ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీద నుంచి వచ్చినవని సవినయంగా తమ దృష్టికి తెస్తున్నాను.

4. ఈ నెల మూడో తేదీన ఇన్‌స్పెక్టరు నైలా గారు తనిఖీకి వచ్చారు. మంచి పిల్ల. మా ఆవిడ జోహ్రా ఇచ్చిన టీ తాగి, కుప్ప దగ్గరికి వచ్చారు. నేను ఇనప పలుగు కుప్పలో గుచ్చి, కాసేపుంచి, తీసి ఆమె చేతికిచ్చాను. నాలుగు లెక్కపెట్టేలోపు వదిలేశారు.

"అమ్మో, కాలిపోతోంది! ఎప్పుడు వేశారు ఈ కుప్ప?"

"డిసెంబరులోనమ్మా."

"తొమ్మిది నెలలా! ఐదు నెలలకే చల్లబడాలి కదా బాబాయ్?"

"మా ఊరి పేడ కాస్త మొండిదిలే."

ఆమె నవ్వారు. నవ్వుతూనే 'వేడి తగ్గలేదు, అనుమానాస్పదం, పూడ్చవలెను' అని రాసుకున్నారు.

5. మా జోహ్రా ముప్పై ఏళ్లు జున్ను కట్టి శుక్రవారం సంతలో అమ్మింది. ఇప్పుడు కొట్లో అట్టపెట్టె పాలు కొనుక్కొస్తోంది. ఇది తమ శాఖకు సంబంధించినది కాదు. వరుసలో వచ్చింది, రాశాను.

6. అక్టోబరులో తొలి వానలు పడతాయి. వానకు ముందే ఎరువు చల్లితే నేలలోకి దిగుతుంది. ఈ ఏడు చల్లనందువల్ల బీడులో మేతకు వేసిన లూసర్న్ గడ్డి అంచుల్లో పసుపుబారింది. కుప్పను పూడ్చేస్తే బీడు చచ్చిపోతుంది. ఆ ఆవులవి నా దగ్గర మిగిలినది ఈ కుప్ప ఒక్కటే. కనుక అది పూర్తిగా చల్లబడేవరకు నలభై రోజుల గడువు ఇప్పించ ప్రార్థన.

దయతో చిత్తగించి, ఏదో ఒక జవాబు ఇప్పించవలెను.

తమ విధేయుడు,
లజ్హర్ అయ్యారి

తా.క. అర్జీ చదివి వినిపిస్తే జోహ్రా, "అంతా రాశావు, అసలుది తప్ప. ఆ పిల్ల నీ మాట నమ్మి నవ్వింది. నువ్వు రాయకపోతే నేనే వెళ్లి చెప్పొస్తా," అంది. అందుచేత రాస్తున్నాను.

కుప్ప మే నెలలోనే మాగి ఎరువైంది. నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ మట్టి వాసన వేసింది. పలుగు చల్లగా వచ్చింది. ఆ పూట దొడ్డిలో వెచ్చగా ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. నాకు ఏమీ అనిపించలేదు. బీడులోకి వెళ్లి లూసర్న్ కోసుకొచ్చి కుప్పలో కలిపి తిరగేశాను. మూడో నాటికి మళ్లీ వేడెక్కింది. అప్పటి నుంచి పొద్దున ఐదింటికి, సాయంత్రం నాలుగింటికి, పాలు పిండే వేళలకే వేస్తున్నాను. పూటకి పదకొండు కట్టలు. వేశాక కాసేపు కుప్పకి వీపు ఆనించి కూర్చుంటాను.

బీడు నుంచి కోయడమే గానీ, దానికి తిరిగి ఇచ్చింది లేదు. పచ్చిక పసుపుబారడం అందువల్లనే. మా నాన్న చూస్తే చెయ్యి చేసుకునేవాడు.

తమరు నలభై రోజులిస్తే ఇంకో నలభై అడుగుతాను. కనుక గడువు వద్దు. పూడ్చమని మాత్రం అనకండి. 'ఫలానా తేదీన కుప్పను బీడులో చల్లవలెను' అని ఒక ఉత్తర్వు, ముద్ర వేసి పంపించండి. నా అంతట నేను చల్లలేను. ఉత్తర్వు వస్తే చేస్తాను. లారీల రోజున మీ మనుషులు ఎంత లాగినా ఆవులు కదల్లేదు. నాకు కాగితం చూపించారు. నేను ముందు నడిచాను, పదకొండూ నా వెనకే వచ్చి ఎక్కాయి.