ముందు ఎన్ని బండ్లు

యూసుఫ్‌గూడ
ఆదివారం మధ్యాహ్నం

రత్నక్కకు తమ్ముడి వందనాలు. నువ్వు, బావగారు, అత్తయ్యగారు కులాసాగా ఉన్నారనుకుంటాను. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయి. నేను బాగానే ఉన్నాను.

నీ మరదలు సుగుణ చివరి రోజు గురించి ఫోనులో రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ లారీ చప్పుడు అని చెప్పి పెట్టేశాను. ఇప్పుడు రాస్తాను.

ఆ రోజు మంగళవారం. పంజాగుట్ట ఆసుపత్రిలో చేర్చి అది పదకొండో రోజు. ఉదయం నాలుగు చెంచాల జావ తాగింది. కీర్తన లంచ్ బాక్సులో ఏం పెట్టావని అడిగింది. కింది వాటాలోని లక్ష్మమ్మగారు పులిహోర పెట్టారని చెప్పాను. "మధ్యాహ్నానికి ఎండిపోతుంది" అంది. తరవాత జడ వేయమంది. నాకు రాదు. ప్రయత్నించాను. మూడు పాయలూ చేతిలో నిలవలేదు. వార్డు ఆయమ్మ వచ్చి వేసింది. పదకొండింటికి డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి, లివర్ ఇక పని చేయడం లేదన్నారు. లోపలికి వెళ్లి ఆమెకు చెప్పలేదు. రెండు గంటలకు మందుల కోసం కిందికి దిగాను. పదిహేను నిమిషాలు పట్టింది. పైకి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. ఎవరి పొరపాటూ లేదు. జరిగింది అంతే. నీ దగ్గర దాచిందేమీ లేదు.

అమీర్‌పేటలో నేను పాఠాలు చెప్పిన కంప్యూటర్ సెంటర్ అప్పటికే మూతపడింది. కాలేజీ రోజుల్లో నాన్న పట్టుబట్టి ఇప్పించిన హెవీ లైసెన్సు ఒకటి మిగిలింది. గడువు అయినప్పుడల్లా గుర్తు చేసి రెన్యువల్ చేయించింది సుగుణే. దానితోనే లారీ ఎక్కాను.

బండికి ఇద్దరం. పెద్ద డ్రైవరు యాదగిరన్న, సిద్దిపేట మనిషి. నన్ను సారూ అంటాడు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు సీటు వెనక బల్ల మీద పడుకోవాలి. మొదట్లో నాకు నిద్ర పట్టేది కాదు. బ్రేకు పడితే లేచి కూర్చునేవాణ్ణి. "సారూ, నువ్వు పండుకొని సుత బ్రేకు తొక్కుతున్నవ్. బండిని జర నాకిడిసిపెట్టు" అనేవాడు. ప్రతి ట్రిప్పుకూ టైర్ల కింద నిమ్మకాయలు పెడతాడు. నేను క్యాబిన్‌లో కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాను. "గట్టిగ జెయ్యి సారూ. నా నిమ్మకాయలు గేటు కాడనే చితికిపోతయ్. ఆడికెళ్లి ఘాట్ రోడ్డు దాక మీ దేవుడే చూస్కోవాలె" అంటాడు. మంచివాడు. ఈ ఎండల్లో ఇంజను వేడికి మోకాళ్లు కాలిపోతాయి. తిండి రొట్టె, పప్పు. నువ్వు పంపిన గోంగూర పచ్చడి సగం యాదగిరన్నే తిన్నాడు. వీలైతే మళ్లీ పంపు.

ఇక కీర్తన సంగతి. "టీసీ పంపుతావా, పిల్లను తీసుకెళ్తావా, ఏదో ఒకటి తేల్చు" అన్నావు. బడులు తెరిచే రోజు వచ్చింది. జవాబు చెప్పకుండా ఇన్నాళ్లు నెట్టాను. తప్పు నాదే. నా మొదటి ట్రిప్పులో ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు.

ఆ ట్రిప్పు ఢిల్లీ పక్కకు. దూరాన్ని గంటలతో భాగించి, తిండికీ ఆగడానికీ కొంత కలిపి, కాగితం మీద పట్టిక గీశాను. ఏ రోజు ఏ ఊరు, ఏ రోజు ఇల్లు. గోడకు అంటించి, ప్రతి సాయంత్రం ఒక గడి కొట్టేయమని కీర్తనకు చెప్పి, లక్ష్మమ్మగారి దగ్గర వదిలి వెళ్లాను. చివరి గడి గురువారం. అక్కడ సరుకు దించే గోదాము దగ్గర మా ముందు అరవై బండ్లున్నాయి. ఐదు రోజులు కదల్లేదు. యాదగిరన్నకు కాగితం సంగతి చెబితే నవ్వలేదు.

"ఎంత పని జేసినవ్ సారూ. లారీకి కిలోమీటర్లుండవ్, లైన్లుంటయ్. మేం ఇంట్ల ఎన్నడు దినం జెప్పం. పోయొస్త అంటం, గంతే."

ఏ డ్రైవరూ ఇంట్లో రోజు చెప్పడట. చదువుకున్నవాణ్ణి గనక లెక్క వేసి మరీ చెప్పాను.

ఇల్లు చేరింది మంగళవారం. లక్ష్మమ్మగారు గేటు దగ్గరే ఆపారు. "గురువారం సంది గీడనే కూసున్నది సారూ. అన్నం తినుమంటే, నాన్న వచ్చినంక తింట అన్నది. శనివారం జ్వరమొచ్చింది. నాన్న వస్తడు బిడ్డా, ఫికర్ జెయ్యకు అంటే, అమ్మ రేపొస్తదని సుత నాన్ననే జెప్పిండు అన్నది."

నిజమే. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన ప్రతిసారీ చెప్పాను. పదకొండు రోజులూ చెప్పాను.

జ్వరం మాట విని, పరీక్షలు కాగానే నువ్వు వచ్చి రేపల్లె తీసుకెళ్లావు. అప్పటి నుంచి సిటీలోనే బండి కోసం వెతికాను. పగలు పెద్ద బండ్లను లోపలికి రానివ్వరు. లోకల్ డ్రైవర్లు రాత్రంతా నడిపి తెల్లవారి పడుకుంటారు. తొమ్మిదేళ్ల పిల్లను రోజూ రాత్రి ఒంటరిగా ఎలా ఉంచను. ఎస్.ఆర్. నగర్‌లో రెండు కోచింగ్ సెంటర్లలో ఉద్యోగం అడిగాను. ఏం చెబుతారని అడిగి, విని, చాయ్ ఇచ్చి పంపారు.

పోయిన వారం జైపూర్ దగ్గర వరుసలో ఉండి కీర్తనకు ఫోన్ చేశాను. ఇదివరకు "ఎప్పుడొస్తావు నాన్నా" అనేది. ఈసారి అనలేదు.

"ముందు ఎన్ని బండ్లున్నాయి?"

"ముప్పై నాలుగు."

"అయితే ఈ వారం రావులే. నువ్వు అన్నం తినేయ్."

వెనక మీ వీధి పిల్లలెవరో పిలిచారు. ఫోను అక్కడే పెట్టి పరిగెత్తింది. నవ్వుతోంది. కట్ చేయకుండా కాసేపు విన్నాను. సుగుణ పోయాక ఈ ఇంట్లో అది నవ్వగా నేను వినలేదు.

కాబట్టి కీర్తన నీ దగ్గరే చదువుకోనీ. మీగడ తేలితే పాలు తాగదు, వడకట్టి ఇవ్వు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. నాన్న ఫలానా రోజు వస్తాడని నువ్వు గానీ బావగారు గానీ చెప్పొద్దు. క్రిస్మస్‌కని కూడా అనొద్దు. నేను వచ్చినప్పుడు వచ్చానని చెప్పు, చాలు. ఈ ఉత్తరం దానికి చదివి వినిపించకు.

బావగారికి, అత్తయ్యగారికి, పాస్టరుగారికి నా వందనాలు. నీ ప్రార్థనలో నన్ను తలుచుకో. నా గురించి బెంగ పడకు. వేళకు తింటున్నాను.

స్కూలు ఆఫీసు పదింటికి తెరుస్తారు. రేపు ఉదయం తొమ్మిదిన్నరకే ఎర్రమంజిల్‌లో దాని బడికి వెళ్లి, టీసీ తీసుకుని, అటునుంచే పోస్టాఫీసులో నీ పేరున పంపిస్తాను.

నీ తమ్ముడు
విజయ్