కారులో నా సీటు

సోమవారం, రాత్రి

రేగొండ వైపు నుంచి భూపాలపల్లి ఆఫీసుకు అందరం కలిసి ఒక కారు మాట్లాడుకుందామని ఒప్పించిందే నేను. ఈ పొద్దున నా సీట్లో కొత్త గుమాస్తా కూర్చుని ఉన్నాడు.

"నీకు బస్సు ఫ్రీయే గదక్కా, సీటు జర గాయనకియ్యరాదు" అన్నాడు మా ఆఫీసులోనే పనిచేసే రమేశ్. మిగతావాళ్లు కిటికీలోంచి బయటికి చూశారు.

కారు నన్ను వదిలేసి వెళ్లిపోయింది. బస్సు స్టాపులో అందరం ఆడవాళ్లమే. బస్సు దగ్గరికొచ్చి, మమ్మల్ని చూసి, ఆగకుండా పోయింది.

"ఫ్రీ టికెటోళ్లమని ఆపుతలేడు బిడ్డా" అంది పక్కనున్న అవ్వ.

ఇంకో బస్సు పట్టుకుని ఆలస్యంగా వెళితే సారు అందరి ముందూ తిట్టాడు. రమేశ్ తలెత్తలేదు.

సాయంత్రం మాత్రం వచ్చాడు. "అక్కా, రేపటి సంది మన డ్రైవర్ రాడంట. ఇంకో కారు మాట్లాడి పెట్టు."

సిగ్గులేకుండా మాట్లాడి పెట్టాను. ఎవరిని ఎక్కడ ఎక్కించుకోవాలో కొత్త డ్రైవరుకు ఒక్కొక్కటే చెప్పాను. నా స్టాపు తప్ప.